బందలో బారెడు చేప

గజపతినగరం నుంచి ఏ వైపు సైకిలు తొక్కినా కాసేపటికి ఒక బంద తగులుతుంది. చెరువు అందామంటే చిన్నది, గుంట అందామంటే నామోషీ. మా విజయనగరం వైపు అలాంటి నీటిని బంద అంటారు. బందకి ఒక గట్టు, గట్టు మీద నాలుగు తాటిచెట్లు, ఆ నీడలో గొంతుక్కూచున్న ఒక మావయ్య. ఆయన చేపలు పట్టడు. పట్టేవాళ్ళంటే ఆయనకి చిన్నచూపు కూడా. ఆయన చేపల్ని చూస్తాడు. అంతే పని.

చూసింది చూసినట్టు చెప్పడానికి ఆయన దగ్గర టేపులూ స్కేళ్ళూ ఉండవు. ఎడమ చెయ్యి చాచి కుడిచేత్తో మణికట్టు మీద ఒక దెబ్బ వేస్తాడు. "ఇంత." వినేవాడు ముసిముసిగా నవ్వితే దెబ్బ మోచేతి మీదకి జరుగుతుంది. ఇంకా నవ్వితే భుజం. గట్టు మీద జానెడున్న చేప టీ కొట్టు దగ్గర మూరెడై, సాలూరు బస్సు ఆగే చోటికి చేరేసరికి బారెడవుతుంది. సత్యవ్రతుడి దోసిట్లో పడ్డ చేపపిల్ల పాత్ర మార్చినకొద్దీ పెరిగింది కదా, ఇదీ అదే జాతి. కాకపోతే దీనికి నీళ్ళు అక్కర్లేదు, శ్రోతలుంటే చాలు.

ఒకరోజు తెల్లవారుజామున నన్నూ తీసుకెళ్ళాడు. పక్కన కూచోబెట్టి, దగ్గొద్దన్నాడు. చాలాసేపటికి నీళ్ళ మీద ఒక బుడగ లేచింది.

"అదిగదిగో! సూసినావా?"

"ఎక్కడ మావయ్యా?"

"ఎల్లిపోనాది. నువ్వు ఎక్కడా అన్నావు గదా, అదీ ఇన్నాది."

నేను క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన శాంతించలేదు. "మీ సదుంకున్నోళ్ళతో ఇదే గొడవరా బాబూ. ముందు అడుగుతారు, తరవాత సూస్తారు."

ఇంతవరకూ చదివి ఈయన ఒట్టి కోతలరాయుడు అనుకుంటే పొరపాటే. గురజాడ గిరీశాన్ని పుట్టించిన జిల్లా కాబట్టి ఆ అనుమానం సహజం. కానీ మావయ్య మాటల్లో సగం నిజం. మిగతా సగానికి పూచీ నీళ్ళది. రాత్రంతా ఎండ లేక నీటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. తెల్లారేవేళకి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. మావయ్య ఆ వేళే ఎందుకెళ్తాడో ఏ పుస్తకమూ ఆయనకి చెప్పలేదు. పైగా నాలుగడుగుల లోతున ఉన్నది పైనుంచి చూసేవాడికి మూడడుగుల్లోనే ఉన్నట్టు కనబడుతుంది. దగ్గరగా కనబడ్డది పెద్దగా కనబడుతుంది. ఇక బొచ్చె సంగతి. నీటి పైవరసలో తిరిగే చేప, మనిషికి కనబడేదీ అదే, పైగా తలకాయ ఒంటికి మించినది. తల ఒక్కటే బయటపెట్టి మునిగిపోతే, మిగతా ఒళ్ళు ఎంతుంటుందో లెక్క కట్టుకునే బాధ్యత చూసినవాడిదే కదా! తిండి బాగుంటే ఏడాదికి కిలో పైచిలుకు తూగుతుంది. 38 కిలోల దాకా పెరిగినట్టు చేపల పుస్తకాల్లోనే ఉంది. వరసగా నాలుగైదేళ్ళు వల తప్పించుకున్న ముసలి బొచ్చె ఒకటి ఏ బందలోనైనా ఉండవచ్చు.

ఆయన అసలు దిగులు వేరు. సాక్షులు తగ్గిపోయారు. చెంబు పట్టుకుని ఊరంతా గట్టుకొచ్చే రోజుల్లో పొద్దున్నే పదిమంది చూసేవారట. ఇంటింటికీ మరుగుదొడ్లు వచ్చాక చేప వస్తోంది, చూసేవాడే లేడు.

స్కాట్లాండులో లోక్‌నెస్ అని ఒక సరస్సుందనీ, అందులో ఏదో పెద్ద జంతువుందని 1934లో ఒక ఫొటో పత్రికకెక్కిందనీ, అది బొమ్మ అని అరవై ఏళ్ళకి తేలిందనీ చెప్పాను. ఆయన బొమ్మ సంగతి పట్టించుకోలేదు.

"ఎంతుంటాదా సెరువు?"

"37 కిలోమీటర్ల పొడవు."

"ఓస్! అంత నీరుంటే ఎవుడైనా దాస్తాడు."

మా బంద చుట్టూ తిరిగి రావడానికి ఒక బీడీ చాలు. అంత నీటిలో అంత చేపని ఉంచగలగడమే గొప్ప అని ఆయన ఉద్దేశం. ఇంకా ఎవరైనా అనుమానిస్తే విజయనగరం పెద్దచెరువుని రంగంలోకి దింపుతాడు. "ఆ సెరువులో పైడితల్లమ్మే దొరికింది. ఈ బందలో సేప ఉండకూడదేటి?" ఆ అమ్మవారి సిరిమానుకి దండం పెట్టినవాడెవడూ దీనికి జవాబు చెప్పలేడు.

ఈ మాటలకి మార్కెట్టు విలువ కూడా ఉంది. పంచాయతీలో చేపల పాట వేసే ముందురోజు మావయ్య టీ కొట్టులో కూచుంటే పాట నాలుగు వేలు పైకి పోతుందని ఊళ్ళో అనుకుంటారు. పాడుకున్నవాడు తరవాత గట్టు మీదకొచ్చి నిలదీస్తాడు. అతని లెక్క అతనిది. బొచ్చె, శీలావతి నిలవనీటిలో గుడ్లు పెట్టవు. ఏటి ప్రవాహం ఉండాలి, లేదా 1957 జూలైలో ఒడిశాలో హీరాలాల్ చౌధురి చేసినట్టు ఇంజక్షనుతో గుడ్లు పెట్టించాలి. కాబట్టి బందలో ఉన్న ప్రతి బొచ్చే ఎవడో కొని వేసిందే. "అంత పెద్దదుంటే అది నా పాత పాట తాలూకు సరుకే, నాకు చూపించు" అంటాడు పాటదారు. మావయ్య చూపించడు. చేప విషయంలో ఆయన గుట్టు మనిషి.

మొన్న వేసవిలో నీళ్ళు మోకాలి లోతుకి దిగాక వల లాగారు. ఊరంతా గట్టు మీదే ఉంది, ఆయన తప్ప. అదొక్కరోజూ ఆయనకి సెలవు. మధ్యాహ్నానికి నిజంగానే ఒక బొచ్చె వలలో దబదబలాడింది. కాటా మీద తొమ్మిది కిలోలు. పిల్లలు పరిగెత్తుకెళ్ళి వార్త అందించారు.

"తొమ్మిది కిలోలేనంట తాతా! నువ్వు ఇరవై అన్నావు."

ఆయన పడుకున్నవాడు లేవకుండానే అడిగాడు: "తూసింది ఎవుడు?"

సాయంత్రం పక్కింటివాళ్ళు పులుసు పంపితే తిన్నాడు. తిన్నాక వెన్నుముల్లు ముక్క ఒకటి చేతి మీద ఆనించి, మణికట్టు దాటి ఎక్కడిదాకా వస్తుందో చూసుకున్నాడని అత్తయ్య చెప్పింది.

వానలు పడ్డాయి. బంద నిండింది. పాటదారు పాలిథిన్ సంచుల్లో చేపపిల్లల్ని తెచ్చాడు, ఒక్కోటీ వేలెడు. సంచి మూతి విప్పి నీళ్ళలోకి వంచుతుంటే మావయ్య పక్కనే గొంతుక్కూచుని, చెయ్యి కళ్ళకడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. అవి ఒక్క క్షణం గుంపుగా తచ్చాడి, చెల్లాచెదురైపోయాయి. ఆయన నా చొక్కా పట్టుకు లాగాడు.

"ఆ తామరాకు కిందకి ఎల్లినాదొకటి, సూసినావా? దాన్ని గుర్తెట్టుకో."