చొప్పదండి హార్డ్ డిస్క్ వాంగ్మూలం

నేను చొప్పదండిలో వడ్ల తూకాల లెక్కలు దాచే హార్డ్ డిస్క్‌ను. నా మీద లినక్స్, దాని మీద జావాలో రాసిన ప్రోగ్రాం. మా వంశంలో మొదటిది 1956లో ఐబీఎం తెచ్చిన రమాక్. రెండడుగుల వెడల్పున్న 50 పళ్ళేలతో 50 లక్షల అక్షరాలు మోసింది. అప్పటినుంచి మారనిది ఒకటే: పళ్ళెం తిరగాలి, హెడ్ జరగాలి, రెండింటికీ సమయం కావాలి. యాసంగి వడ్లు ఒక్కసారి మీదపడ్డ రోజుల్లో, సాయంత్రం అన్ని కాంటాల లెక్కలు కలిపి ఎక్కించేటప్పుడు తెర కదలకపోతే అందరి వేలూ నా వైపే. "డిస్క్ స్లో అయింది, కొత్తది ఎయ్యాలె" అంటారు.

నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతాను, అంటే చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు. కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అరచుట్టు, హెడ్ అక్కడికి జరగడానికి మరో ఎనిమిది తొమ్మిది మిల్లీసెకన్లు. చెదురుమదురుగా అడిగితే సెకనుకు ఎనభై చోట్లకు వెళ్లగలను. చోటుకు 4 కిలోబైట్ల లెక్కన 320 కిలోబైట్లే. వరసగా చదవమంటే వంద మెగాబైట్లు దాటిస్తాను. ఈ మూడు వందల రెట్ల తేడా అడిగే తీరులోంచే వచ్చింది. అసలు చాలాసార్లు నన్ను అడగనే అడగరు. జావా ప్రోగ్రాం బఫర్ లేకుండా ఒక్కో బైటు రాస్తే, ఒక్క మెగాబైటుకు 10,48,576 సార్లు లినక్స్ కెర్నల్ గడప తొక్కాలి. కెర్నల్ ఆ బైట్లను పేజ్ క్యాష్‌లో, అంటే ర్యామ్‌లోనే దాచుకుంటుంది, అలసిపోయేది ప్రాసెసర్. బఫర్డ్ అవుట్‌పుట్ స్ట్రీమ్ మామూలుగా వాడే 8,192 బైట్ల బఫర్ పెడితే ఆ రాకపోకలు 128కి దిగుతాయి. వడ్లను గుప్పెడు గుప్పెడు మోసుకొచ్చి, మిల్లు మెల్లగా ఆడుతోందని తిట్టినట్టుంది ఈ వ్యవహారం. సాక్ష్యం కావాలంటే ఎస్‌ట్రేస్ కెర్నల్‌కు వెళ్లే ఆ పిలుపులను లెక్కపెట్టి చూపిస్తుంది, నాకు ఎంతసేపు పని పడిందో ఐఓస్టాట్ చెబుతుంది. తెర ఆగిపోయి, నేను ఖాళీగా ఉంటే నేరం ఇంకెవరిదో వెతకాల్సిందే.

ఎస్‌ఎస్‌డీ వేస్తే గొడవే ఉండదు కదా అంటారు. చెదురు చదువుల్లో అది నన్ను చిత్తుగా ఓడిస్తుంది, కాదనను. కానీ పది లక్షల పిలుపులు దాని ముందూ పది లక్షలే. ర్యామ్ ఉంది కాబట్టి జావా హీప్ (ప్రోగ్రాం తన డేటాకు తీసుకునే ర్యామ్) పెంచితే చాలనేది ఇంకో మాట. మిగిలిన ర్యామ్‌నే లినక్స్ పేజ్ క్యాష్‌గా వాడుకుంటుంది (ఫ్రీ మెమరీ తక్కువ కనిపిస్తే కంగారుపడేవాళ్లు ఇది మరిచిపోతారు). హీప్ దాన్ని మింగేస్తే, ర్యామ్‌లోంచి అందే చదువులు కూడా నా మీద పడతాయి. 2011లో లింక్డ్‌ఇన్ బయటికి వదిలిన కాఫ్కా అనే సాఫ్ట్‌వేర్ జావా వర్చువల్ మెషీన్ మీదే నడుస్తుంది. అయినా డేటాను హీప్‌లో పోగేయకుండా కావాలనే పేజ్ క్యాష్‌కు వదిలేసింది.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం కరెంటుది. రాసిన డేటాను లినక్స్ ముప్పై సెకన్ల దాకా ర్యామ్‌లోనే ఉంచుకోవచ్చు. ఈలోగా కరెంటు పోతే అంతే సంగతులు. అందుకే కొందరు లెక్కలో వరుస వరుసకూ ఫోర్స్ (వెంటనే డిస్క్ మీద రాయమనే జావా పిలుపు) పిలిచి, అది నా మీద పడేదాకా కదలరు. అలా పిలిచిన ప్రతిసారీ నాకు దాదాపు ఒక చుట్టు ఖర్చు, ఫైల్ సిస్టం జర్నల్ పని కలిస్తే ఇంకా ఎక్కువ. 500 వరుసలకు నాలుగు సెకన్లు దాటుతుంది. అట్లని ఫోర్స్ తీసేయమనే సలహా నాకు నచ్చదు. ఆ వరుసలో ఉన్నది రైతుకు రావలసిన డబ్బు. కాంటా దగ్గర బండికొక ఫోర్స్ పిలిస్తే ఆ ఆలస్యం ఎవరికీ తెలియదు, అక్కడ అట్లాగే ఉండాలి. సాయంత్రం గుంపుగా ఎక్కించేటప్పుడు యాభై వరుసలకొకసారి పిలిస్తే పది ఫోర్సులతో పోతుంది. అది ముగిశాకే "నమోదైంది" అని చూపిస్తే భద్రతకూ లోటు లేదు.

ఇవన్నీ సరిచేశాక కూడా ఐఓస్టాట్ నన్ను ఊపిరాడకుండా చూపిస్తే అప్పుడు ఎస్‌ఎస్‌డీ తేండి. రోజువారీ లెక్కలు దానికి అప్పజెప్పి, పాత సీజన్ల నకళ్లు నాకు వరసగా రాయండి. ఆ పని నాకు బాగా వచ్చు.