వార్డెనమ్మకు ఇవ్వకూడని సలహాలు

జల్‌పల్లి నుంచి రోజూ బస్సెక్కి యూనివర్సిటీ అమ్మాయిల హాస్టల్‌కు పోయి వార్డెన్‌గా చేసినదాన్ని. కొత్తగా చేరినప్పుడు అందరూ సలహాలిచ్చారు. పాటించి చెడ్డాను కాబట్టి చెబుతున్నాను, వాటిని వినకండి.

"ఇంటికెళ్లినా ఫోన్ పక్కనే పెట్టుకోండి మేడం, పిల్లలు కదా!"

మూడేళ్లు అట్లానే పెట్టుకున్నాను. బతుకమ్మ పేరుస్తున్నా చెవి ఫోన్ మీదే. చివరికి అది మోగితేనే గుండెదడ. ఒకనాడు జ్వరమొచ్చిందని ఒక పిల్ల నా గది తలుపు కొడితే విసుక్కున్నాను. ఆ పిల్ల మళ్లీ నా దగ్గరికి రాలేదు. అది ఇప్పటికీ బాధే. రాత్రికి వేరే మనిషి డ్యూటీలో ఉండాలి, ఆ నంబరు నోటీసు బోర్డు మీద ఉండాలి. దాని కిందే 14416 కూడా రాయండి. అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు, 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. రాత్రీ పగలూ ఎవరో ఒకరు ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. పిల్లలకే కాదు, వార్డెన్లకూ అదే నంబరు.

"విన్నది కడుపులో పెట్టుకో, ఎవరికీ చెప్పకు."

పిల్ల గుట్టు కాపాడాల్సిందే, ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప. కానీ మీ దుఃఖం మీది. పిల్ల పేరెత్తకుండా ఒక సీనియర్‌తో చెప్పుకోండి.

"తల్లి మనసుంటే చాలు, ట్రైనింగ్ ఎందుకు?"

అన్నిటికన్నా హాని చేసేది ఇదే. 2023 జూలైలో విశాఖపట్నంలో నీట్‌కు చదువుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఆమె తండ్రి పట్టు వదలకుండా నడిపిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఒక్కరైనా ఉండాలి. పాఠాలు చెప్పేవాళ్లతో పాటు మిగతా సిబ్బందికీ ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ఆరోగ్యంపై శిక్షణ ఇవ్వాలి. యూనివర్సిటీలకూ హాస్టళ్లకూ ఇది వర్తిస్తుంది. చచ్చిపోవాలనుందని పిల్ల చెప్పినప్పుడు ఏమనాలో, ఏమనకూడదో నేర్చుకుంటేనే వస్తుంది. నాకెవరూ నేర్పలేదు.

"యోగా చేయండి, ఒత్తిడి పోతుంది."

చేయండి, మంచిదే. ముగ్గురి పని ఒక్కరు చేస్తుంటే మాత్రం ఏ ఆసనమూ ఆదుకోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను జబ్బుల్లో చేర్చలేదు, పనిచోట తగ్గని ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అంది. మందు పనిచోటే వేయాలి.

రిజిస్ట్రార్లూ, వచ్చే సెమిస్టర్ అడ్మిషన్లకు ముందే మీ హాస్టల్‌కు రాత్రి వార్డెన్‌ను వేయండి.