క్రినొలిన్ విజయము

ముందుగా సూదికి నమస్కారం. ఆస్తి అంతా ఒక్క బెజ్జమే అయినా గజాలకొద్దీ పట్టును జయించే మహాతల్లి ఆమె. ఆమెకు డాలు పట్టే అంగుస్తానాకు వందనం. కత్తెరకు దూరం నుంచే దండం. కుకవినిందకు బదులుగా, చవక మల్లు గుడ్డతో నమూనా కుట్టి చూడకుండానే పట్టు మీద కత్తెర వేసేవారిని తిట్టి కథలోకి వస్తున్నాం.

కాలం 1850ల చివర. రాజ్యం విక్టోరియా రాణిది. నాయిక గౌను. ప్రతినాయకుడు నడుము.

పురవర్ణన లేనిది కావ్యం కాదు గనుక కోటను వర్ణిస్తాం. ఒంటికి ఆనుకుని నూలు షెమీజ్. దానిపై కార్సెట్ అనే ప్రాకారం. తిమింగలం నోటినుంచి కోసి తెచ్చిన బెలీన్ బద్దలు దాని స్తంభాలు, ముందున్న ఉక్కు బస్క్ దాని సింహద్వారం. ఆపైన 1856లో పేటెంటు పొందిన ఉక్కు చట్రాల పంజరం, క్రినొలిన్. లంగా మీద లంగా మోసి అలసిన ఆడవాళ్ళ పాలిట అవతార పురుషుడు! ఆ చట్రాల గీతలు బయటపడకుండా పైన మరో లంగా. ఇంత కోట లేచాకే టేపుకు కొలత తీసే అర్హత.

నాయిక మేనిఛాయ ఊదా. ఆ 1856లోనే లండన్‌లో పద్దెనిమిదేళ్ళ విలియం పెర్కిన్ మలేరియాకు క్వినైన్ చేయబోయి ఊదారంగు సాధించాడు. జ్వరం తగ్గించబోయిన వాడే ఊరంతటికీ రంగుల జ్వరం అంటించాడు!

ఇక యుద్ధకాండ. 1851లో పేటెంటు పుచ్చుకున్న సింగర్ మిషను, అచ్చం ఉత్తరకుమారుడిలా, "ఎంతటి గుడ్డ వచ్చినా నేనొక్కణ్ణే చాలు" అంటూ బయల్దేరింది. నిలువు కుట్ల దారిలో టకటకా దూసుకుపోయింది. నడుము దగ్గర కొండలా పోగుపడ్డ పట్టును చూడగానే వెనుదిరిగింది. ఇటు నాలుగైదు గజాల ఘేరా, అటు 24 అంగుళాల శత్రువు!

అప్పుడు సూది రథమెక్కింది. పై అంచు మడిచి, ఒకదాని కింద ఒకటి సరిగ్గా పడేలా వరుస కుట్లు పరిచింది. దారాలు లాగగానే మహాసైన్యం సన్నని గొట్టాల్లాంటి కుచ్చిళ్ళుగా బారులు తీరింది. ఒక్కొక్క కుచ్చునూ నడుము పట్టీకి బిగించి కడతేర్చింది. గుండుసూదులెన్నో వంగాయి, వేళ్ళు రక్తతర్పణం చేశాయి. నడుము మాత్రం లొంగింది.

ఫలశ్రుతి: ఈ కథ విన్నవారి దారం చిక్కుపడదు. చదివినవారి హుక్కులు కాజాలను తప్పవు. తొడిగేవారు మాత్రం కార్సెట్ బిగించుకోక ముందే బూట్ల లేసులు కట్టుకుందురు గాక. మరిచిన వారిని ఏ దేవుడూ వంచలేడు.