సెట్టింగు చూడని చదువు

మా రోజుల్లో లెక్క చేసినోనికి జవాబులో సున్నాలు ఎక్కడ పడతయో తెలిసేది. సిద్దిపేట ఇంకా మెదక్ జిల్లాలో ఉన్నప్పుడు ఇంటర్ పిల్లల చేతికి లాగ్ పుస్తకమిచ్చి లెక్కలు చెప్పినం. ఆ నాలుగంకెల పట్టికలో 0.005 అనే సంఖ్య దొరకదు. 5కు ఎదురుగా 6990 ఉంటది, అంతే. దశాంశ బిందువు ఎక్కడుందో పిల్లగాడే చూసుకొని ముందు ‘బార్ 3’ వెయ్యాలె. పైన ఆ అడ్డగీత మరిస్తే 0.005 కాస్తా 5000 అయ్యేది, పది లక్షల రెట్లు తేడా. ఆ భయంతోనే పిల్లలు సంఖ్యను నిలబెట్టి చూసేవాళ్లు.

ఇప్పుడు ఎండకాలం సెలవులకు డాలస్ నుంచి మనవలు వస్తరు. చేతుల్లో టీఐ-84 గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్లు. వాటిని చేసే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లది ఆ ఊరే. 1990లో ఆ కంపెనీ తెచ్చిన టీఐ-81కు కేబుల్ పెట్టే సందే లేదు. ప్రోగ్రాం కావాలంటే ప్రతి వరుసా వేలితో నొక్కి ఎక్కించాలె. ఎక్కించినోనికి ఏ వరుస ఏం చేస్తదో తెలిసేది. ఇప్పుడు కేబుల్ తగిలిస్తే క్షణంలో పోతది, లోపల ఏముందో ఎవ్వరూ చూడరు.

పెద్దోడు రాసిన ప్రోగ్రాం చిన్నోని మిషన్లకు పంపిండు. ఒకే లెక్కకు ఒకదాంట్ల .005, ఇంకోదాంట్ల .01. “తాతా, వీనిది ఖరాబైంది” అన్నడు. ఖరాబు కాలేదు బిడ్డా. కేబుల్ మీద పోయింది ప్రోగ్రామే. మోడ్ సెట్టింగు ఎవరిది వాళ్ల మిషన్లనే ఉంటది. చిన్నోడు తన మిషన్‌ను రెండు దశాంశాలకు పెట్టుకున్నడు. దానికి బదులు ‘సై’ (సైంటిఫిక్) మోడ్‌లో పెడితే 5E-3 అని వచ్చేది, మా బార్ 3 అదే. లోపలి సంఖ్య మారదు. అక్కడే 1000తో గుణిస్తే అన్నిట్లా 5 వస్తది. తెర మీది .01ని కాగితం మీద రాసుకొని తర్వాతి లెక్కలో వాడితే మాత్రం జవాబు రెట్టింపైతది.

కోణాల సెట్టింగు ఇంకా చెడ్డది, అక్కడ సంఖ్యే మారిపోతది. డిగ్రీల్లో సైన్ 30 అంటే 0.5, రేడియన్లలో -0.988.

మన పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ పిల్లల దగ్గర గ్రాఫింగ్ మిషన్లు లేవు గానీ రోగం ఇదే. కాసియో ఎఫ్‌ఎక్స్-991ఎంఎస్‌లో 1÷200 కొడితే ‘నార్మ్ 1’ సెట్టింగులో ఐదు ఇంటూ పది టు ది పవర్ మైనస్ మూడు, నార్మ్ 2లో 0.005. పక్కోని క్యాలిక్యులేటర్ అడిగి తెచ్చుకున్న పిల్ల అది చూసి బెదిరిపోతది. ఆ పిల్ల తప్పేం లేదు, ప్రామాణిక రూపం చెప్పిన రోజే ఈ నార్మ్ సెట్టింగు కూడా చూపియ్యాలె.

ప్రోగ్రాం రాసే పిల్లలారా, మొదటి వరుసల్లోనే నార్మల్, ఫ్లోట్, డిగ్రీ అని రాయండి, అప్పుడు ఎవరి మిషన్లకు పోయినా ఒక్కతీరుగ చూపిస్తది. పరీక్షకు పోయేవాళ్లు హాల్లో కూర్చోగానే సైన్ 30 ఒకసారి, 1÷200 ఒకసారి కొట్టి చూసుకోండి.