ఎడమ చెయ్యి

"ఈ చెయ్యి ఎవరిదిరా? తీసి అవతల పెట్టండి."

పక్షవాతం వచ్చిన నాలుగో రోజున మా నాన్న అన్న మాట ఇది. ఆ చెయ్యి ఆయనదే. 31 ఏళ్ళు ఆర్టీసీ బస్సు గేరురాడ్డు పట్టుకున్న ఎడమ చెయ్యి. తెనాలి నుంచి రేపల్లె దాకా రోడ్డు మీద ఎక్కడ గతుకుందో ఆయన కంటికంటే ముందు ఆ చేతికే తెలిసేది. రిటైరయ్యాక కూడా నిద్రలో ఒక్కోసారి మంచంపట్టె మీద గేరు మార్చేది. అలాంటి చేతిని, ఎవరో పక్కలో మరిచిపోయి వెళ్ళిన వస్తువును చూసినట్టు చూశాడు. మతి చలించిందేమోనని నేను హడలిపోయాను. మతికేమీ కాలేదని, మెదడు కుడిభాగం దెబ్బతిన్నవాళ్ళలో కొందరికి ఎడమ చెయ్యి తమది కాదనిపిస్తుందని డాక్టరు చెప్పాడు. కొన్ని వారాలకు ఆ భ్రమ తగ్గింది. "నాదేలే" అని ఒప్పుకున్నాడు కానీ, చెడిపోయిన బంధువు గురించి చెప్పినట్టు చెప్పేవాడు.

అమ్మ ఏమీ అనలేదు. ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుని, నువ్వుల నూనె రాసి, ముడుచుకున్న వేళ్ళను ఒక్కొక్కటే విప్పుతూ కూర్చునేది. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట అలా చెయ్యమని నర్సు చెప్పింది. ఒక్క పూట తప్పలేదు.

మూడో నెలలో భుజం కాస్త కదిలింది. మోచెయ్యి ఒక అంగుళమో, రెండంగుళాలో జరిగేది. వేళ్ళలో మాత్రం చలనం లేదు. గుంటూరులో ఒక ఫిజియోథెరపీ సెంటర్లో వర్చువల్ రియాలిటీతో వ్యాయామం చేయిస్తున్నారని తెలిసి తీసుకెళ్ళాను. వారానికి మూడు రోజులు, మొత్తం పన్నెండు సిట్టింగులు. నేను కారు నడిపేవాణ్ణి, నాన్న పక్కన, అమ్మ వెనక. ఆమె ఒళ్ళో ఒక సంచి. ఫైలు, మాత్రలు, తువ్వాలు, మంచినీళ్ళ సీసా, ఇడ్లీల డబ్బా అన్నీ అందులోనే. నాన్న "ఏమే, కండువా" అనేలోపు కండువా ఆయన భుజం మీద ఉండేది. నేను "అమ్మా, స్కాన్ రిపోర్టు" అని వెనక్కి చెయ్యి చాపితే రిపోర్టు చేతిలో పడేది. ఆ అందింపులో ఎంత వేగం ఉందో అప్పుడు నాకు పట్టలేదు.

అక్కడి థెరపిస్టు పాతికేళ్ళ అమ్మాయి. ఓర్పున్న పిల్ల. నాన్నకు హెడ్‌సెట్ పెట్టేముందు నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టింది. నా కుడిచెయ్యి నాకు కనబడకుండా అట్టముక్క అడ్డం పెట్టింది. నా ఎదురుగా దూది కూరిన రబ్బరు తొడుగు ఒకటి ఉంచింది. రెండు కుంచెలు తీసుకుని, అట్ట వెనకున్న నా వేళ్ళ మీదా, ఎదురుగా ఉన్న రబ్బరు వేళ్ళ మీదా ఒకే తాళంలో రాయడం మొదలుపెట్టింది. మొదట్లో ఏమీ లేదు. కాసేపటికి, ఎలా జరిగిందో చెప్పలేను, ఆ కుంచె స్పర్శ నాకు రబ్బరు చేతిలో తెలుస్తోంది. దూది కూరిన తొడుగు నాదైపోయింది. అది నాది కాదని తెలిసి కూడా! ఆ అమ్మాయి ఉన్నట్టుండి పిడికిలితో దాని మీద గుద్దబోయింది. అట్ట వెనకున్న నా చెయ్యి గబుక్కున వెనక్కి లాక్కున్నాను.

"1998లో బోట్వినిక్, కోహెన్ అనే ఇద్దరు 'నేచర్' పత్రికలో ఈ సంగతి రాశారండీ" అంది. "ఇప్పుడు చూడండి" అంటూ రెండు కుంచెలనూ తాళం తప్పించి రాసింది. రబ్బరు చెయ్యి మళ్ళీ వట్టి రబ్బరైపోయింది. నా చెయ్యి నాదే అన్న నమ్మకం పుట్టుకతో వచ్చిన స్థిరాస్తి అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు. కంటికి కనబడేదీ చర్మానికి తెలిసేదీ ఒకే క్షణంలో పొంతన కుదిరితే మెదడు "ఇది నాది" అని క్షణక్షణం సంతకం పెడుతుంది, అంతే. పొంతన తప్పితే సంతకం ఆపేస్తుంది. నాన్న మెదడు అదే ఆపేసింది.

తమిళనాడులో పుట్టి కాలిఫోర్నియాలో పనిచేసిన మెదడు శాస్త్రవేత్త రామచంద్రన్ గారి అద్దం పెట్టె గురించి కూడా ఆమే చెప్పింది. చెయ్యి తీసేశాక కూడా లేని ఆ చెయ్యి బిగుసుకుపోయి నొప్పిపెడుతోందని బాధపడేవాళ్ళకు, ఉన్న చేతి ప్రతిబింబాన్ని లేని చెయ్యి స్థానంలో చూపించారట. ఉన్న పిడికిలి విప్పితే అద్దంలో రెండోదీ విప్పుకున్నట్టు కనబడి, కొందరికి ఆ బిగువు సడలిందట. 1990లలో ఒక అద్దం ముక్కతో చేసిన పని అది. ఇప్పుడు అద్దం బదులు ఈ హెడ్‌సెట్.

నాన్న హెడ్‌సెట్ పెట్టుకుంటే ఒక జామతోట. ఆయనకు కనబడేదంతా గోడకున్న స్క్రీన్ మీద మాకూ కనబడుతుంది. ఆయన చేతులున్న చోటే రెండు చేతులు, మణికట్టు దాకా. హెడ్‌సెట్‌కున్న కెమెరాలు నిజం చేతులను కనిపెడుతూ ఉంటాయి. ఎడమ చేతికి మాత్రం ఒక సర్దుబాటు చేశారు. నాన్న ఒక అంగుళం జరిపితే తోటలో చెయ్యి జానెడు జరుగుతుంది. రోజులు గడిచేకొద్దీ ఆ సాయం తగ్గిస్తారు.

"ఎదురుగా కాయ ఉంది, ఎడం చేత్తో అందుకోండి అంకుల్."

నాన్న పళ్ళు బిగించాడు. బల్ల మీద ఆయన మోచెయ్యి ఇంత, చీమ నడిచినంత, కదిలింది. స్క్రీన్ మీద చెయ్యి లేచింది. కొమ్మ దాకా వెళ్ళింది. కాయను తాకింది. నాన్న ఊపిరి బిగబట్టాడు. హెడ్‌సెట్ కిందినుంచి నీళ్ళు ధారగా జారాయి.

"నేనే... నేనే తీశాను. ఒరేయ్, చూశావా?"

చూశాను. గొంతు పెగల్లేదు. అమ్మ లేచి తువ్వాలుతో ఆయన బుగ్గలు తుడిచింది.

ఆయన "నాదే" అనలేదు, "నేనే" అన్నాడు. ఈ తేడాను నాకు పట్టి చూపించింది థెరపిస్టే. ఈ శరీరం నాది అనిపించడం ఒకటి, దీన్ని కదిపేది నేను అనిపించడం మరొకటి అట. ఎప్పుడూ జంటగా ఉంటాయి కాబట్టి రెండూ ఒకటే అనుకుంటాం. 1963లోనే నీల్సన్ అనే డేనిష్ పరిశోధకుడు ఈ జంటను విడదీశాడు. పెట్టెలోకి చెయ్యి పెట్టి తిన్నగా గీత గియ్యమంటాడు. అద్దం మాయతో లోపల కనబడేది మాత్రం తొడుగు వేసుకున్న మరొకరి చెయ్యి. ఆ మనిషికది తెలియదు. ఆ చెయ్యి పక్కకు పోతుంటే, తన చెయ్యే తన మాట వినడం లేదనుకుని, గీతను సరిచెయ్యడానికి తనది రెండోవైపుకు లాగుతాడు! బార్సిలోనాలో మెల్ స్లేటర్ బృందం 2016లో ప్రచురించిన ప్రయోగం దీనికి ఎదురు కొస. కుర్చీలో కదలకుండా కూర్చున్నవాళ్ళకు, హెడ్‌సెట్‌లో తమదనిపించే ఒక శరీరం నడుస్తూ కనబడింది. తామే నడుస్తున్నట్టనిపించింది వాళ్ళకు. చెయ్యని పని నేనే చేశాననిపించవచ్చు. చేసే చెయ్యి నాదే అయినా, చేయించేది నేను కాదనిపించవచ్చు. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఎనిమిదో సిట్టింగుకు నాన్న తువ్వాలు అంచు వేళ్ళ మధ్య ఇరికించుకోగలిగాడు. పదో సిట్టింగుకు ఆ సర్దుబాటును సగానికి తగ్గించారు. ఇదంతా హెడ్‌సెట్ చలవే అనను. వెనకాల రోజుకు రెండు అరగంటల నువ్వుల నూనె ఉంది. కానీ చేతి మీద ఆయనకు మమకారం తిరిగి తెచ్చింది మాత్రం ఆ జామతోటే. చివరి రోజున తిరుగు ప్రయాణంలో నా గేరురాడ్డు మీద ఎడమ చెయ్యి వెయ్యాలని ఉందన్నాడు. కూర్చునేది నాకు ఎడమపక్క కాబట్టి కుడిచెయ్యే అందుతుందని గుర్తొచ్చి నవ్వుకున్నాడు. పక్షవాతం వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు.

ఆ చివరి సిట్టింగు అయ్యాకే థెరపిస్టు అంది.

"ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నారు, మీరూ ఒకసారి పెట్టుకోండి ఆంటీ."

అమ్మ నాన్న వైపు చూసింది. "పెట్టుకో, చూడు" అన్నాడాయన. సంచి నా ఒళ్ళో పెట్టి, కుర్చీలో ఒదిగి కూర్చుంది. ఆ అమ్మాయి ముడి నలగకుండా పట్టీ సర్ది, "ఇందులో వ్యాయామం ఏమీ ఉండదు ఆంటీ. తోట, మీ చేతులు, అంతే" అంది.

స్క్రీన్ మీద జామతోట వచ్చింది. చూపు కిందికి దిగింది. ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న రెండు చేతులు.

"చేతులు కనిపిస్తున్నాయా?"

"ఆ. కనిపిస్తున్నాయమ్మా."

"మీవే అనిపిస్తున్నాయా?"

"నావే." అమ్మ గొంతులో చిన్నపిల్ల సంబరం.

"ఇంక మీ ఇష్టం వచ్చినట్టు కదపండి."

చేతులు కదల్లేదు.

"ఏం చెయ్యమంటావమ్మా?"

"ఏదైనా ఆంటీ. మీకు ఏం చెయ్యాలనిపిస్తే అది."

తోటలో గాలికి ఆకులు ఊగుతున్నాయి. కాయలు ఊగుతున్నాయి. ఒళ్ళో చేతులు మాత్రం పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అర నిమిషం. నిమిషం. ఆ అమ్మాయి కెమెరాల అద్దాలు మెత్తటి గుడ్డతో తుడిచింది. కంప్యూటర్ దగ్గరికెళ్ళి ఏవో నొక్కి చూసింది. "హ్యాంగ్ అయినట్టుంది, రీస్టార్ట్ చేస్తాను. కదలకండి ఆంటీ" అంది. తోట ఆరిపోయి మళ్ళీ వెలిగింది. మళ్ళీ అవే చేతులు, ఒకదాని మీద ఒకటి.

"ఇప్పుడు కదపండి ఆంటీ. మీ ఇష్టం."

అమ్మ తల కొంచెం అటూ ఇటూ తిప్పింది, ఎవరైనా ఏమైనా అంటారేమోనని వింటున్నట్టు. చేతులు కదల్లేదు.

నాన్నకు పొలమారింది. దగ్గుతూ అన్నాడు. "ఏమే, మంచినీళ్ళు."

స్క్రీన్ మీద రెండు చేతులూ ఒక్క ఉదుటున లేచాయి. నా ఒళ్ళో ఉన్న సంచి కోసం ఆ జామచెట్ల మధ్య గబగబా తడుముతున్నాయి.

"అదిగోండీ, కదిలాయి!" అంది థెరపిస్టు సంతోషంగా నా వైపు తిరిగి. "మెషీన్‌లో లోపమేమీ లేదండీ."