ఈ పాదయాత్రకు గురుస్వామి ఎవరు?

శ్రీకాకుళం జిల్లా కొసన ఉన్న ఇచ్ఛాపురానికి ఒక ఘనత ఉంది. ఒకే ఇంటి నుంచి ముగ్గురు అక్కడిదాకా నడిచి వచ్చి, ఇంకో అడుగు వేస్తే ఒడిశా వస్తుంది గనక ఆగిపోయారు. 2003 జూన్‌లో చేవెళ్ల నుంచి వైఎస్ రాజశేఖరరెడ్డి, 2013 ఆగస్టులో ఇడుపులపాయ నుంచి షర్మిల, 2019 జనవరి 9న మళ్లీ ఇడుపులపాయ నుంచే జగన్. ముగ్గురి నడకకూ అక్కడ స్తూపాలు లేచాయి. విశాఖ శివారు అగనంపూడి ఇంకో ఇంటివారి వాటా. 2013లో చంద్రబాబు నడక ముగింపుకు అక్కడ పైలాన్ వెలిసింది. పదేళ్ల తర్వాత, 2023 డిసెంబరు 18న లోకేశ్ కూడా అక్కడికే వచ్చి తన యువగళం పాదయాత్ర ఆపారు. జగన్ 3,648 కిలోమీటర్లు, లోకేశ్ 3,132, షర్మిల 3,112. కార్యకర్తను అర్ధరాత్రి లేపి అడిగినా ఈ అంకెలు తడుముకోకుండా అప్పజెబుతాడు. దారిలో తీసుకున్న అర్జీలెన్ని, తీరినవెన్ని అంటే మాత్రం గొంతు సవరించుకుంటాడు. షర్మిల 2021లో చేవెళ్ల నుంచి మొదలుపెట్టిన తెలంగాణ నడక సంగతి మరీ విచిత్రం. అది చివరికి 2024 జనవరి 4న ఢిల్లీలో, పార్టీని కాంగ్రెస్‌లో కలపడంతో తేలింది. దాని స్తూపం ఏ రాష్ట్రంలో కట్టాలో ఇంజనీర్లకే తెలియాలి.

దేవుడి కోసం నడిచేవాళ్ల పద్ధతి వేరు. అయ్యప్ప స్వామి నలభై ఒక్క రోజులు దీక్ష చేసి, ఇరుముడి మోసి, కొండ ఎక్కి దిగి వచ్చినా తన మెడలోని మాల తాను తీసుకోడు. గురుస్వామి తీయాలి, లేదా కన్నతల్లి తీయాలి. యాత్ర పూర్తయిందని చెప్పాల్సింది నడిచినవాడు కాదన్నమాట. మంజీర అవతల బిచ్కుంద, మద్నూర్ వైపు పండరి భక్తులూ అంతే. తొలి ఏకాదశికి పండరిపురం చేరాక అక్కడి క్యూ చూసి, లోపలికి పోయే వీలు లేనివాళ్లు దూరం నుంచే గుడి కలశానికి దండం పెట్టుకుని వెనక్కి తిరుగుతారు. అన్ని రోజులు నడిచి శిఖరం చూసి సరిపెట్టుకునేవాళ్లు వీళ్లు. మన నాయకులు నడక ముగిసిన చోట సొంత శిఖరం కట్టించుకుంటారు, రిబ్బనూ తామే కత్తిరిస్తారు. పరీక్ష రాసినవాడే పేపర్ దిద్దుకుని, ఫస్ట్ క్లాస్ వేసుకుని, సన్మానానికి శాలువా కూడా తానే తెచ్చుకున్నట్టన్నమాట.

ముగింపు ఇంకొకరి చేతిలో పెడితే ఎలా ఉంటుందో మన నిజామాబాద్ జిల్లాలోనే చూశాం. పసుపు బోర్డు వచ్చేదాకా చెప్పులు తొడగనని ఒక పసుపు రైతు ఒట్టు పెట్టుకుని, ఎండలో వానలో ఏళ్ల తరబడి ఉత్త కాళ్లతో తిరిగాడు. 2023 అక్టోబరు 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని బోర్డు ప్రకటించాకే చెప్పుల్లో కాలు పెట్టాడు. ఆయనకు పైలాన్ లేదు, కిలోమీటర్ల లెక్క లేదు. ఉన్నదల్లా ఒక షరతు, అదీ ఢిల్లీ చేతిలో. నిక్కచ్చిగా చూస్తే ఆయనా కాస్త తొందరపడ్డాడనే చెప్పాలి. బోర్డు మొదలైంది 2025 జనవరి 14న, నిజామాబాద్‌లో ఆఫీసు తలుపులు తెరుచుకున్నది ఆ ఏడాది జూన్‌లో. ప్రకటనకూ పనికీ మధ్య అంత దూరం ఉంటుందని పసుపు రైతుకే తట్టలేదంటే, స్తూపాలు కట్టేవాళ్లను ఏమనగలం?

నడకలన్నీ నాటకాలేనా అని మండిపడేవాళ్లుంటారు. కాదు. 2004 మే 14న రాజశేఖరరెడ్డి ప్రమాణం చేసిన చోటే ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారు. ఆ సంతకానికి మూలం ఏడాది కిందటి ఎండల్లో ఉంది. ఉద్దానం కిడ్నీ రోగుల గోడు విన్న జగన్ హయాంలోనే 2023 డిసెంబరులో పలాసలో ఆసుపత్రి తెరిచారు. లోకేశ్ వంద కిలోమీటర్లకొక శిలాఫలకం వేసి దాని మీద ఆ ప్రాంతానికి ఇచ్చిన హామీ చెక్కించారు, అది ఇంకా నయం, మాట రాయి మీదైనా మిగిలింది. అయితే ఈ మంచి పనులేవీ ఇచ్ఛాపురంలోనో అగనంపూడిలోనో ముగియలేదు. సంతకంతో ఒకటి, ఆసుపత్రితో ఒకటి తర్వాతెప్పుడో ముగిశాయి. స్తూపం మాత్రం ఫలితం కోసం ఆగదు, నాయకుడి కాలునొప్పి తగ్గకముందే లేస్తుంది. కార్యకర్తల ఉత్సాహం కోసం ఆ మాత్రం గుర్తు ఉండొద్దా అంటే, ఉండనివ్వండి. దాని నాలుగో ముఖం మీద తీసుకున్న అర్జీల జాబితా కూడా చెక్కండి. కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి పోతే కాగితానికి రసీదైనా ఇస్తారు. పాదయాత్రలో సెల్ఫీ ఇస్తారు.

మా చందూర్ వైపుకు స్తూపాల బెడద లేదు, ఇక్కడ ఎవరి నడకా ముగియదు కాబట్టి. భారత్ జోడో యాత్ర కూడా 2022 నవంబరు 7న పక్క జిల్లా మేనూరు మీదుగా మహారాష్ట్రలోకి దాటిపోయింది. ఎత్తైన కట్టడం కావాలంటే బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ ఉండనే ఉంది. 1930ల చివర్లో పెట్టిన ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుందన్న మాట 2014 ఎన్నికల్లో విన్నాం, తెరిపిస్తామన్న మాట 2023లో విన్నాం, 2024లో కమిటీ కూడా చూశాం. ఈలోగా చెరకు మళ్లలోకి వరి వచ్చింది. ఈసారి నడక మొదలుపెట్టే నాయకుడెవరైనా చందూర్‌లో ఒక చెరకు రైతు చేత మాల వేయించుకోవాలి. ఫ్యాక్టరీలో క్రషింగ్ మొదలై, మొదటి టన్నుకు డబ్బు బ్యాంకులో పడ్డ రోజున ఆ రైతే తీస్తాడు. మధ్యలో ఓడిపోతే ఆ మాల ఎన్నాళ్లు మోయాలి అని నాయకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, మూతపడ్డాక ఇప్పటికే ఒక ప్రభుత్వం మారింది. అందుకని మాలను మనిషి మెడకు కాకుండా ముఖ్యమంత్రి కుర్చీకి తగిలిద్దాం. ఎవరు కూర్చుంటే వాళ్ల వీపుకు రుద్రాక్షలు గుచ్చుకుంటాయి.