దిష్టి తీసిన సీరియల్ లైను

సత్తెనపల్లి చుట్టుపక్కల పొలంలో మోటారు మొరాయిస్తే సలహాలకు కరువుండదు. దాని పక్కన ఆర్డినో బోర్డు పెట్టి చూడండి, సలహాలిచ్చేవాళ్లకు కుర్చీలు సరిపోవు.

మా బావ మిరప చేలో తొట్టి నిండగానే మోటారు దానంతటదే ఆగాలి. తొట్టి దగ్గర ఒక బోర్డు, స్టార్టర్ డబ్బాలో ఇంకో బోర్డు, మధ్యలో సన్నతీగ. మోటారు ఆగి ఉన్నంతసేపూ రెండూ చక్కగా మాట్లాడుకునేవి. స్టార్టర్ 'టక్' మందో, తెర మీద ఏ దేశానిదో తెలియని లిపి!

"ప్రోగ్రాం సరిగా రాయలేదేమోరా" అన్నాడు బావ. "నీ బోర్డు మరీ నాజూకయ్యా" అన్నాడు మోటారు మెకానిక్. "దిష్టి నాయనా" తేల్చేసింది అత్తయ్య.

నేను బావకు విడమరిచి చెప్పాను. సెకనుకు 9600 బిట్ల వేగంలో ఒక్కో బిట్టుకు దక్కేది సుమారు 104 మైక్రోసెకన్లు. ఊరికే ఉన్నప్పుడు తీగలో వోల్టేజీ పైన ఉంటుంది. కిందికి దిగితే అక్షరం మొదలైనట్టు లెక్క. స్టార్టర్‌లోని కాంటాక్టర్ కాయిలుకు కరెంటు తీయగానే అందులోని శక్తి ఊరుకోక ఎగజిమ్ముతుంది. మోటారు కేబులుతో కలిపి కట్టిన మన తీగలోకి దూరి దాన్ని కిందికి లాగుతుంది. చిప్పు ఎవరూ పంపని అక్షరాన్ని వినయంగా చదువుకుంటుంది.

"ఎవరూ పిలవకుండా పలకడమెందుకురా?"

"మన ఊళ్లో పలకనివాళ్లెవరు బావా?"

ఈలోగా అత్తయ్య నిమ్మకాయ, మిరపకాయలు కట్టడానికి మేకు కావాలని, మేకుకు ఉన్న నా తీగను విప్పి అవతలి గోడ మీదికి విసిరేసింది. కేబులుకు ఎడమైన తీగలో పిచ్చిరాతలు సగం తగ్గాయి! ఇక చూడాలి ఆవిడ ముఖం.

మిగతా సగానికి కాయిలు మీద 100 ఓమ్‌ల రెసిస్టరు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు వరసగా కలిపి పెట్టాను. 1983 నాటి ఆర్‌ఎస్‌-485 పద్ధతిలో పెనవేసిన రెండు తీగలు లాగి, రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు బిగించాను. చిప్పు చూసేది రెండు తీగల మధ్య తేడానే. అత్త తోడికోడళ్లిద్దరినీ సమానంగా తిడితే వాళ్ల మధ్య గొడవెందుకొస్తుంది? ఇదీ అంతే.

లైను బాగుపడింది, పేరు నిమ్మకాయకొచ్చింది. నేనూ కాదనలేదు. అత్తయ్య శనివారం శనివారం కొత్త నిమ్మకాయ కడుతూ, ఎలకలు తీగ కొరికాయేమో కూడా చూసి వస్తోంది. ఇంత శ్రద్ధగా మెయింటెనెన్స్ చేసే మనిషి డబ్బిచ్చినా దొరకదు.